కోట ఇచ్చేశాడు... మసీదును కాపాడుకున్నాడు

ఆదోనిలో బస్సు దిగి ఆటో ఎక్కితే, ఎక్కడికి పోవాలన్నా ఏదో ఒక మలుపులో జామియా మసీదు పేరు వినపడుతుంది. 'మసీదు కాడ్నుంచి ఎడమ పక్క', 'మసీదు ఎనక సందు', 'మసీదు దాటినాక రెండో అంగడి'. మాది ఎమ్మిగనూరు. చిన్నప్పుడు నాన్న పత్తి బండి వెంట, పెద్దయ్యాక పెళ్ళిళ్ళ బంగారానికి, ఆ తర్వాత మందులకూ మనవళ్ళ బట్టలకూ, యాభై ఏళ్ళుగా ఆదోనికి పోతూ వస్తూనే ఉన్నాను. ఆ మసీదు పేరు చెప్పి ఎంతమందికి దారి చూపించానో లెక్కలేదు. లోపలికి మాత్రం ఒక్కసారీ అడుగు పెట్టలేదు.

పెట్టేలా చేసినవాడు మా అక్క కొడుకు. జర్మనీలో ఉద్యోగం. కొలోన్ అనే ఊళ్ళో ఉంటాడు. ఆ మధ్య ఒక ఆదివారం వీడియో కాల్ చేసి, ఫోను తిప్పి తిప్పి ఓ చర్చి చూపించాడు. మందపాటి గోడలు, గుండ్రటి కమానులు, చిన్న చిన్న కిటికీలు, లోపల మసక వెలుతురు.

"మామా, ఇది ఎనిమిది తొమ్మిది నూర్ల ఏండ్ల నాటిది. రోమనెస్క్ అంటారు దీన్ని. ఇట్లాంటివి ఈ ఒక్క ఊళ్ళోనే పన్నెండు ఉండాయి తెలుసునా? ఊరి నడిబొడ్డున! పక్కనే ట్రాము, పక్కనే కాఫీ అంగడి. మన పక్క ఏముండాయి మామా ఇట్లాంటివి?"

నేను జవాబు వెతుక్కునే లోపల వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది: "ఆడికి పోయి చర్చి చూస్తాడంట. ఆదోని మసీదు వీళ్ళ మామే ఇంతవరకూ చూళ్ళేదు. ఇంగ వీనికేం చెప్తాడు?"

అల్లుడు నవ్వాడు. నేనూ నవ్వాను గానీ ఆ మాట మాత్రం మనసులో ఉండిపోయింది. ఆ వారంలోనే, ఏ పనీ పెట్టుకోకుండా, మసీదు చూడ్డానికే ఆదోని బస్సెక్కాను.

ఎమ్మిగనూరు నుంచి ఆదోని ముప్పై కిలోమీటర్ల చిల్లర. పక్కపక్కనే ఉన్నా రెండూ రెండు రకాల ఊళ్ళు. మాది మగ్గాల ఊరు. 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ళందరినీ కూడగట్టి పెట్టిన సహకార సంఘం మా ఊరి పేరును దేశమంతా తిప్పింది. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆదోనిది బేరం బతుకు. పత్తి, జిన్నింగు మిల్లులు, బంగారం, దలాళ్ళు. 'రెండో బొంబాయి' అని ముచ్చటగా పిలుచుకుంటారు. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఒకే వాక్యంలో దొర్లే ఊరది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని బళ్ళారి జిల్లాలోదే. కన్నడం ఇంకా ఊళ్ళోంచి పోలేదు, పోదు కూడా.

పాత ఊళ్ళోకి ఆటో మళ్ళేసరికి వెనక కొండలు కనిపిస్తాయి. బారాకిల్లా, తాలిబండ, ఇంకా వాటి తోబుట్టువులు. నున్నటి బండరాళ్ళు ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చిపెట్టినట్టు ఉంటాయి. వాటి మీద కోట గోడల ముక్కలు. ఆ కొండల కింద, అంగళ్ళూ ఇళ్ళూ కిక్కిరిసిన చోట, మినార్లు పైకి లేస్తాయి.

గడప దగ్గర ఆగాను. యాభై ఏళ్ళ మొహమాటం ఒక్క అడుగులో పోదు కదా. లోపల నీడలో కూర్చున్న పెద్దాయన నన్ను చూసి తనే పిలిచాడు.

"ఎవురు కావాల నాయినా?"

"ఎవురూ కాదు చాచా. ఊరికే మసీదు చూసిపోదామని వచ్చినా. చూడొచ్చునా?"

"చూడు, చూడు. చెప్పులు ఆడ ఇడువు. నమాజుకు ఇంకా టైముండాది. యా ఊరు?"

"ఎమ్మిగనూరు."

ఆయన నన్ను పై నుంచి కింది దాకా చూశాడు. "ఎమ్మిగనూరోనివా! అమెరికా నుంచి వచ్చినోని మాదిరి అడుగుతాండావే" అని పకపకా నవ్వాడు. మొహమాటం అక్కడితో సగం దిగిపోయింది.

రాతి నేల పొద్దెక్కిన ఎండకు అప్పుడే కాగుతోంది. పాదాలు చురుక్కుమంటుంటే గబగబా నీడలోకి నడిచాను. నీడలోకి చేరగానే రాయి చల్లగా తగిలింది. రెండు అడుగుల తేడాలో ఒకే రాయి నిప్పూ నీళ్ళూ అయింది. పైన వరుసగా కమానులు, ఒకదాని వెనక ఒకటి. దగ్గరికి పోయి ఒక కంభం మీద అరచెయ్యి పెట్టాను. తల ఎత్తున రాయి గరుకుగా ఉంది, ఉలి పళ్ళు వేలికి తెలుస్తాయి. కిందికి చెయ్యి జరిపితే నడుము ఎత్తున అదే రాయి అద్దంలా నున్నగా ఉంది. ఇక్కడ ఆనుకుని కూర్చున్న వీపులు ఎన్ని తరాలవో! నునుపు చేసింది శిల్పి కాదు, ఊరు.

మా పక్క ఊళ్ళలో రాయంటే నల్లరాయే. దాంతో వాన తడవని, పదిమంది కూర్చునే నీడ కట్టడం తేలిక కాదు. మన గుడి మండపాలు గుర్తు తెచ్చుకోండి. నాలుగు అడుగులు వేస్తే ఒక కంభం అడ్డం వస్తుంది. దానికి కారణం అలంకారం కాదు, రాయి స్వభావం. రాయి నెత్తిన ఎంత బరువైనా మోస్తుంది. అదే రాయిని దూలంగా అడ్డం పరిచి మీద బరువు పెడితే అడుగు పక్క సాగలేక పగిలిపోతుంది. అందుకే దూలం పొట్టిగా ఉండాలి, కంభాలు దగ్గర దగ్గరగా ఉండాలి. దేవుడు గర్భగుడిలో ఒక్కడే ఉంటాడు, భక్తుడు ఒక్కొక్కడుగా దర్శనం చేసుకుంటాడు కాబట్టి మనకు ఆ కంభాల అడవి ఇబ్బంది అనిపించలేదు. పైగా అందం అయింది.

నమాజు సంగతి వేరు. భుజం భుజం తగిలేలా వరుసలో నిలబడాలి. అందరికీ ముందు వరుస కావాలి. అందుకే మసీదు లోతుకన్నా అడ్డంగా ఎక్కువ సాగుతుంది. నడుమ కంభాలు తగ్గాలంటే కమాను కావాల్సిందే. చీలిక రాళ్ళను వంపుగా పేరిస్తే ఒక్కో రాయీ పక్క రాయిని నొక్కి పట్టుకుంటుంది. విరిగే దూలం అంటూ ఏదీ ఉండదు. అన్నీ మోసేవే.

ఇక్కడే మా అల్లుడి చర్చి గుర్తొచ్చింది. రోమనెస్క్ అన్న పేరు రోమనుల నుంచే వచ్చింది. రోమనుల గుండ్రటి కమానును పదకొండు, పన్నెండు శతాబ్దాల ఐరోపా మేస్త్రులు మళ్ళీ పట్టుకున్నారు. గుండ్రటి కమానుకు ఒక చెడ్డ గుణం ఉంది. మీద పడ్డ బరువును పక్కలకు తోసేస్తుంది. ఆ తోపుకు ఆగాలంటే గోడ మందం కావాలి, మందం గోడలో పెద్ద కిటికీ పెడితే బలం పోతుంది. అందుకే వాడు ఫోనులో చూపించిన ఆ మసక. భక్తి కోసం కట్టిన చీకటి కాదది, మేస్త్రి భయం. కమాను నెత్తిని కొంచెం మొనదేల్చితే తోపు తగ్గి బరువు నిలువుగా దిగుతుంది. ఈ కిటుకు ఐరోపా గోతిక్ చర్చిల కన్నా చాలా ముందే ముస్లిం దేశాల మేస్త్రులకు పట్టుబడింది. కైరోలో 879లో పూర్తయిన ఇబ్న్ తులూన్ మసీదులో ఉన్నవి మొనదేలిన కమానులే. ఫ్రాన్సులో గోతిక్ మొదలైంది 1140ల్లో. ఆ కిటుకే ఢిల్లీ మీదుగా, గుల్బర్గా మీదుగా, బీజాపూరు మీదుగా ప్రయాణం చేసి మన ఆదవాని కొండల కిందికి వచ్చి నల్లరాతిలో నిలబడింది. అవును, ఊరి పాత పేరు ఆదవాని. మా అవ్వ చచ్చేదాకా ఆదవానే అంది.

చర్చి పొడుగు, మసీదు అడ్డం. వాళ్ళ బలిపీఠం తూర్పుకు, ఇక్కడి మెహ్రాబు గూడు పడమటికి. మిగతాదంతా రాయి, సున్నం, నీడ. లోపల కూర్చుంటే పిచుకల చప్పుడు తప్ప బజారు రొద వినపడదు. రెండు నిమిషాల కింద హారన్లు చెవులు చిల్లులు పొడిచిన బజారది.

మూడు కథల్లో ఒకే మనిషి

"ఎవురు కట్టించినారో తెలుసునా?" చాచా నా పక్కనే వచ్చి కూర్చున్నాడు.

"సిద్ది మసూద్ ఖాన్ కదా."

"ఆ. మసూద్ ఖాన్. మంత్రాలయం ఇచ్చిన నవాబు."

ఆయన అన్న ఆ చివరి మాట విని నేను ఒక్క క్షణం ఆగిపోయాను. మంత్రాలయం కథ మాకు ఉగ్గుపాలతో పోసిన కథ. అక్కడి రాఘవేంద్రస్వామి మఠం ఎమ్మిగనూరుకు దగ్గరే. ఆదోని నవాబు రాఘవేంద్రస్వామిని పరీక్షించాలని పళ్ళెంలో మాంసం పెట్టి, పైన గుడ్డ కప్పి, స్వామి ముందు పెట్టిస్తాడు. స్వామి కమండలంలోని నీళ్ళు చల్లుతాడు. గుడ్డ తీసి చూస్తే పళ్ళూ పూలూ. నవాబు కాళ్ళ మీద పడి, ఏ ఊరు కావాలో కోరుకోమంటాడు. పచ్చటి పల్లెలు ఎన్నో ఉండగా స్వామి తుంగభద్ర ఒడ్డున ఎందుకూ కొరగాని మంచాల అనే పల్లెను అడుగుతాడు. అదే మంత్రాలయం. అదే నవాబు దగ్గర దివాను వెంకన్న. అక్షరం ముక్క రాని పసులకాపరి, స్వామిని తలచుకోగానే నవాబు ఇచ్చిన ఉత్తరం చదివేసి దివాను అయ్యాడని చెప్తారు.

మేం ఈ కథను వందసార్లు విన్నాం. ప్రతిసారీ నవాబు ఓడిపోయాడు, స్వామి గెలిచాడు. చాచా నోట విన్నప్పుడు కథ అదే, పళ్ళెం అదే, పళ్ళూ పూలూ అవే. గెలిచింది మాత్రం నవాబు. "స్వామి గొప్పోడే. కాదనల్యా. కానీ తప్పయిందని తెలిసినాక ఊరికి ఊరే రాసిచ్చినాడు సూడు, అదీ మనిషంటే." మఠం వాళ్ళు చెప్పే కథనే మసీదులో కూర్చుని గర్వంగా చెప్పుకుంటున్నాడు ఆయన. నాకు ఇద్దరి లెక్కా నచ్చింది. మహిమ సంగతి నమ్మేవాళ్ళ ఇష్టం. లెక్కలు మాత్రం కుదురుతున్నాయి. మసూద్ ఖాన్ ఆదోని పాలకుడైంది 1662 ప్రాంతంలో. స్వామి బృందావన ప్రవేశం 1671లో.

మసూద్ ఖాన్‌కు ఇంకో కథ ఉంది. అది మహారాష్ట్రలో చెప్తారు. 1660 జులైలో పన్హాలా కోటను బీజాపూరు సైన్యం చుట్టుముడితే, వాన రాత్రి శివాజీ తప్పించుకుని విశాల్‌గడ్ వైపు పరుగు తీశాడు. తరుముకుంటూ పోయిన దళానికి నాయకుడు సిద్ది మసూద్. ఇరుకు కనుమలో బాజీప్రభు దేశ్‌పాండే ఓ మూడు వందల మందితో అడ్డం నిలబడి ప్రాణం ఇచ్చి శివాజీని గట్టెక్కించాడు. ఆ కనుమను పావన్ ఖిండ్ అంటారు. 2022లో మరాఠీలో ఆ పేరుతోనే సినిమా వచ్చింది. అక్కడి జనానికి మసూద్ అంటే ఆ కనుమ దగ్గర కత్తి దూసినవాడు, అంతే. వాడు తర్వాత మా ఆదోనికి వచ్చి ఏం కట్టాడో వాళ్ళకు పట్టదు. పన్హాలా ముట్టడి నడిపిన సిద్ది జౌహర్ కర్నూలు జాగీరుదారు. మసూద్ ఆయన అల్లుడు. అంటే మరాఠీ వీరగాథలో శత్రుపక్షం సగం మన జిల్లా వాళ్ళే!

సిద్ది అన్న మాటే వాళ్ళెవరో చెప్తుంది. ఆఫ్రికా నుంచి, అబిసీనియా పక్క నుంచి బానిసలుగా, సిపాయిలుగా దక్కనుకు వచ్చిన హబ్షీలు. సంతలో అమ్ముడుపోయినవాళ్ళు సేనాపతులయ్యారు, మంత్రులయ్యారు. అహ్మద్‌నగర్‌ను నడిపిన మాలిక్ అంబర్ వాళ్ళలో పెద్ద పేరు. మసూద్ ఆ దారిలోనే ఇంకా పైకి పోయాడు. బీజాపూరు సుల్తాను సికందర్ నాలుగేళ్ళ పసివాడుగా గద్దె ఎక్కితే రాజ్యం సర్దార్ల చేతుల్లో బంతి అయింది. 1678లో ఆ రాజ్యానికి వజీరై కూర్చున్నవాడు ఆదోని నుంచి వెళ్ళిన మసూద్. ఖాళీ ఖజానా, జీతాలు లేని సిపాయిలు, ఒక పక్క మొగలులు, ఒక పక్క మరాఠాలు. అయిదేళ్ళు ఈది, విసిగిపోయి, 1683లో పదవి వదిలేసి తిరిగి ఆదోనికి వచ్చేశాడు. చరిత్రకారులు దీన్ని చేతకానితనం కింద రాస్తారు. నాకైతే ఊరికి తిరిగొచ్చిన ఉద్యోగి మాదిరి కనిపిస్తాడు. రాజధానిలో చెయ్యలేని పని ఒకటి, సొంత ఊళ్ళో చేసి పెట్టుకున్నది ఒకటి.

ఫిరంగుల మూతి తిరిగింది

ఔరంగజేబు 1686లో బీజాపూరును, 1687లో గోల్కొండను మింగాడు. ఆదోని ఇంకా చిక్కలేదు. మసూద్ మొగలు కొలువుకు రానన్నాడు. ఫిరోజ్ జంగ్ అనే సేనాని పెద్ద దండుతో వచ్చి కొండల కింద దిగాడు. ఈ కోట అంత తేలిగ్గా పడేది కాదు. విజయనగర కాలం నుంచీ దీనికి ఆ పేరుంది. తళ్ళికోట యుద్ధం అయిన మూడేళ్ళకు, 1568లో గానీ బీజాపూరు వాళ్ళకు చిక్కలేదు.

అప్పుడేం జరిగిందో ఊళ్ళో ఒక కథ ఉంది. తెల్లదొరల కాలం పుస్తకాల్లోకీ ఎక్కిన కథ అది. చాచా చేతులు తిప్పుతూ చెప్పాడు:

"ఎన్నాళ్ళు కొట్టినా కోట పళ్ళేదు. ఎవురో చెప్పినారంట ఆ సేనాధిపతికి, కోట మీద గుండు ఏస్తే వాడు లొంగడు, మసీదు మీద ఏస్తానను చూడు అని. అంతే. ఫిరంగుల మూతి ఈ పక్కకు తిప్పినారు. మసూద్ ఖాన్ పైన కోటలోంచి చూసినాడు. చూసి తాళాలు ఇచ్చేసినాడు."

కథ కచ్చితంగా ఇట్లాగే నడిచిందా అంటే నేను పూచీ పడను. తిండిగింజలు అయిపోయి ఉండొచ్చు, బయటి నుంచి సాయం వచ్చే ఆశ పోయి ఉండొచ్చు. బీజాపూరూ లేదు, గోల్కొండా లేదు, ఎవరి కోసం పోరాడాలి? 1688-89 నాటికి ఆదోని మొగలుల చేతికి వెళ్ళిపోయిందన్నది మాత్రం చరిత్ర. కానీ ఒక ఊరు తన పాలకుడి ఓటమిని ఇట్లా గుర్తుపెట్టుకోవడం నాకు ఆశ్చర్యం అనిపించింది. పిరికివాడన్న మాట ఎక్కడా లేదు. కోట పోతే ఇంకో కోట, ఈ రాతి పని పోతే మళ్ళీ రాదు అని వాడు లెక్కేసుకున్నాడని ఊరు నమ్మింది. మా అల్లుడి కొలోన్‌లో ఆ పన్నెండు చర్చిల మీద రెండో ప్రపంచ యుద్ధం బాంబులు కురిపించింది. వాటిని మళ్ళీ నిలబెట్టుకోవడానికి దాదాపు నలభై ఏళ్ళు పట్టింది. 1985లో వాటి కోసం ఏడాది పొడుగునా ఉత్సవం చేసుకున్నారు. వాడు నాకు చూపించిన రోమనెస్క్ గోడల్లో చాలా రాళ్ళు వాడి తాత వయసువి. ఆదోనిలో నేను చెయ్యి పెట్టిన రాయి మసూద్ నాడు పెట్టించిన రాయే.

తాళాలు ఇచ్చాక జరిగింది దోపిడీ. మొగలు దండులో బికనీర్ రాజు అనూప్ సింగ్ ఉన్నాడు. ఆదోని సొత్తు బండ్లకెత్తి ఎడారి దాటించాడు. బికనీర్ జునాగఢ్ కోట ఆయుధశాలలో నుంచి బయటపడిన కవచాలు, కటార్ల మీద చిన్న చిన్న చుక్కలతో నాగరి అక్షరాల్లో ఆదోని పేరు పొడిచి ఉంటుంది. వాటిలో కొన్ని ఇవాళ విదేశీ మ్యూజియాల అద్దాల వెనక ఉన్నాయి. కత్తులు తీసుకుపోయాడు గానీ అనూప్ సింగ్ తను మాత్రం తిరిగి పోలేకపోయాడు. 1698లో ఆదోనిలోనే కన్నుమూశాడు. ఎడారి రాజు మా పత్తి నేలలో పోయాడు.

మొగలులు ఊరి పేరు ఇంతియాజ్‌గఢ్ అని మార్చారు. ఆ పేరుతో నాణేలు కూడా ముద్రించారు. పేరు నిలవలేదు. నాణేలు సేకరించేవాళ్ళకు తప్ప ఆ పేరు ఇప్పుడు ఎవరికి తెలుసు? మసీదు మీద ఫిరంగులు తిప్పాడని చెప్పుకునే ఫిరోజ్ జంగ్ కొడుకే హైదరాబాదు ఆసఫ్‌జాహీల మూలపురుషుడు నిజాముల్ ముల్క్. మనవడు బసాలత్ జంగ్ ఆదోనినే జాగీరుగా ఏలుకుని, 1782లో పోయి, ఇక్కడే సమాధి అయ్యాడు. ఆ కథే నిజమైతే, తాత కూల్చబోయిన చోట మనవడు నమాజు చేసుకుని ఉంటాడు. 1786లో టిప్పు వచ్చి నెలపాటు ముట్టడించి కోట గోడలు కూలగొట్టించాడు. 1800లో నిజాము ఈ సీమనంతా ఇంగ్లీషు వాళ్ళకు దత్తం చేస్తే మన్రో దొర కలెక్టరుగా వచ్చాడు. ఆయనకు మంత్రాలయంలో స్వామి కనిపించి మాట్లాడాడన్న కథ మళ్ళీ వేరే.

ఇన్ని చేతులు మారాయి. బీజాపూరు, మొగలులు, నిజాము, మైసూరు, కుంపిణీ. కోట శిథిలం అయింది. మసీదు మిగిలింది. దానికి కారణం ఒక్కటే అనుకుంటాను. కోట ఎవరో ఒకరిది, వాళ్ళు పోతే దానికి దిక్కులేదు. ఇక్కడ మాత్రం రోజుకు అయిదుసార్లు ఎవరో ఒకరు వచ్చి కాళ్ళు కడుక్కుంటారు, చీపురు పడతారు, పగుళ్ళు చూస్తారు. మా ఊళ్ళో నీలకంఠేశ్వరస్వామి గుడీ అంతే. ఏటా జాతరకు తేరు లాగేవాళ్ళు ఉన్నంతకాలం దానికి వేరే కాపలా అక్కర్లేదు.

మాటల్లో నమాజు వేళ అయింది. వజూ చేసుకునే చోట నీళ్ళ చప్పుడు మొదలైంది. ఒక్కొక్కరే వస్తున్నారు. పత్తి దుమ్ము తెల్లగా అంటిన చొక్కాతో ఒక హమాలీ, బడి సంచీతో ఒక పిల్లవాడు, బైకు తాళాలు వేలికి తిప్పుకుంటూ ఒక కుర్రాడు. నేను లేవబోతే చాచా భుజం పట్టి కూర్చోబెట్టాడు. "యాడికి? ఆ మూలన కూర్చో. ఎవురూ ఏమనరు."

కూర్చున్నాను. వరుస కట్టారు. ఒక చివరి నుంచి రెండో చివరి దాకా కంభం అడ్డం లేకుండా భుజాలు కలిశాయి. కమానులు ఎందుకు కట్టారో పొద్దుట్నుంచీ నాకు నేను చెప్పుకున్న పాఠమంతా ఆ వరుసలో కనిపించింది. హమాలీ పక్కన బడిపిల్లవాడు. అందరూ ఒక్కసారి వంగినప్పుడు బట్టల గలగల పైకప్పు దాకా పోయి, మెత్తగా తిరిగి వచ్చింది.

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే చాచా అడిగాడు. "మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"డిసెంబరులో మా అల్లుడొస్తాడు చాచా, జర్మనీ నుంచి. పిల్చుకొని వస్తా."

"పిల్చుకొని రా. బిర్యానీ తినిపోండి."

ఏటా లక్షల మంది మంత్రాలయం వస్తారు. దర్శనం చేసుకుని, పరిమళ ప్రసాదం కట్టించుకుని, అదే బస్సులో వెనక్కి పోతారు. నవాబు కథ విని పోయేవాళ్ళలో ఆ నవాబు కట్టించిన మసీదును చూసినవాళ్ళు ఎంతమంది? మంత్రాలయం నుంచి ఎమ్మిగనూరు మీదుగా ఆదోని గంటన్నర దారి. రైల్లో వచ్చేవాళ్ళకయితే ముంబయి - చెన్నై లైనులో ఆదోని స్టేషనే ఉంది. ఈసారి స్వామి దర్శనం అయ్యాక ఒక పూట ఇటు రండి. శుక్రవారం మధ్యాహ్నం తప్పించండి, ఆ రోజు జనం ఎక్కువ. పొద్దున పదింటికి వస్తే ఎండ కమానుల్లోంచి నేల మీద పడుతూ ఉంటుంది. తల మీదికో రుమాలు తెచ్చుకోండి, చెప్పులు బయట విడవండి, లోపల ఉన్నవాళ్ళను ఒక మాట అడగండి. టికెట్టు లేదు.